ట్రైలర్‌కు కొత్త చక్రాలు

ట్రైలర్‌కు చక్రాలు, టైర్లు, మడ్‌గార్డులు మార్చే పని పూర్తయింది. మనసు నిండుగా ఉంది!

పాత టైర్ల గాళ్లు ఇంకా లోతుగానే ఉన్నాయి. కానీ టైరు పక్కభాగం మీద వేలితో రాస్తే సన్నటి పగుళ్లు తగిలాయి. ట్రైలర్ టైరు అరిగి పాడవడం కంటే, నిలిపి ఉంచితే ఎండి పాడవడమే ఎక్కువ. కొనేముందు టైరు మీది నాలుగంకెల తేదీ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. కారు టైరుతో సరిపెట్టుకోవచ్చని కొందరంటారు, నేను ఒప్పుకోను. ‘ఎస్‌టీ’ (స్పెషల్ ట్రైలర్) గుర్తున్న ట్రైలర్ టైర్ల పక్కభాగాలు గట్టివి, బరువుకు ఊగవు.

రిమ్ముల్లో బోల్టు రంధ్రాల వలయం వ్యాసం 112 మిల్లీమీటర్లా, 114.3 మిల్లీమీటర్లా అన్నది కంటికి తెలియదు. కొలవాల్సిందే.

ఎక్కువ సమయం మడ్‌గార్డులకే పట్టింది. ఖాళీ ట్రైలర్ ఎత్తు చూసి బిగిస్తే, బరువుకు స్ప్రింగులు కుంగి టైరు రాసుకుంటుంది. అందుకే పూర్తి బరువు ఎక్కించి, టైరుకూ రేకుకూ మధ్య ఎడం చూసి, ఆ తర్వాతే రంధ్రాలు వేశాను. చక్రాల నట్లను వరుసగా కాకుండా ఎదురెదురుగా, టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) బిగించాను. సుమారు 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూడాలి.