మందుల దుకాణం అమ్మాయి

మా ఇంట్లో ఒక నియమం ఉంది. జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టి పెరిగిన మా అమ్మాయి బడిలో దేని గురించి మాట్లాడవలసి వచ్చినా, ముందుగా ఆదివారం ఫోనులో తెనాలిలో ఉన్న అమ్మమ్మకు తెలుగులో చెప్పాలి. ఈసారి వంతు అన్‌హాల్ట్-డెసావ్ అనే ఒకప్పటి చిన్న జర్మన్ రాజ్యాన్ని ఏలిన లియోపోల్డ్‌ది. 1676లో డెసావ్‌లో పుట్టి, ప్రష్యా సైన్యంలో ఫీల్డ్ మార్షల్ అయినవాడు. ఇక్కడివాళ్ళు ముద్దుగా 'డెసావ్ ముసలాయన' అంటారు.

యుద్ధాల భాగం సాఫీగానే సాగింది. తుపాకిలో మందు దట్టించే చెక్క కడ్డీలు విరిగిపోతుంటే ఇనుప కడ్డీలు పెట్టించాడు. సిపాయిలందరూ ఒకే లయలో అడుగు వేసేలా కవాతు నేర్పాడు. 1745లో, 69 ఏళ్ళ వయసులో, కెసెల్స్‌డార్ఫ్ దగ్గర సాక్సన్ సేనల మీదికి వెళుతూ, "దేవుడా, ఈ రోజు నాకు సాయం చెయ్యి. చెయ్యకపోతే పోనీ, ఆ అవతలి వెధవలకు మాత్రం చెయ్యకు" అని మొక్కుకున్నాడని చెబుతారు. అమ్మ పకపకా నవ్వింది. గెలిచాడు కూడా.

పెళ్ళి దగ్గర పిల్ల ఆగిపోయింది. లియోపోల్డ్ మనసు పడింది ఆస్థాన ఔషధ విక్రేత కూతురు అన్నా లూయీజె మీద. ఆ పిల్ల 'ఏబన్‌బ్యుర్టిష్' కాదు. "అమ్మా, ఈ మాటను తెలుగులో ఏమంటారు?" అని నావైపు చూసింది. మామూలుగా నేను తడబడతాను. పన్ను రిటర్నుకు, కిండర్‌గార్టెన్‌కు తెలుగు వెతకలేక చేతులెత్తేసినదాన్ని. ఈ మాటకు మాత్రం ఒక్క క్షణం పట్టలేదు. సాటి కులం, తగిన సంబంధం, మన అంతస్తు, మనవాళ్ళు. నాలుగు మాటలు వరసకట్టి వచ్చాయి. అంత సిద్ధంగా నా నోట్లో ఉన్నాయని నాకే తెలియదు.

లియోపోల్డ్ తల్లి హెన్రియెట్ కాతరీనా ఆరెంజ్ రాజవంశపు ఆడపడుచు. ఆమె కొడుకును ఇటలీ యాత్రకు పంపింది, తిరిగి వచ్చేసరికి ఆ పిల్లను మరచిపోతాడని. ఇక్కడ మా అమ్మ నవ్వు ఆగిపోయింది. మా అన్నయ్యను 'పై చదువుకు' మెల్‌బోర్న్ పంపిన సంగతి పిల్లకు తెలియదు. అసలు కారణం మా ఇంట్లో పెద్దవాళ్ళందరికీ తెలుసు. అన్నయ్య తిరిగి వచ్చి అమ్మ చూసిన సంబంధమే చేసుకున్నాడు. లియోపోల్డ్ మాత్రం మరచిపోలేదు. 1698లో అన్నా లూయీజెనే పెళ్ళాడాడు. మూడేళ్ళకు చక్రవర్తి ఆమెకు రాచహోదా ఇస్తూ పత్రం రాసి ఇచ్చాడు, పుట్టిన పిల్లలకు వారసత్వం దక్కేలా. పదిమంది పిల్లలు.

కథ అంతటితో అయిపోతే బాగుండేది. వీళ్ళ పెద్ద కొడుకు విల్‌హెల్మ్ గుస్టావ్ 1726లో ఒక సామాన్య కుటుంబపు అమ్మాయిని రహస్యంగా పెళ్ళాడాడు. తొమ్మిదిమంది పిల్లలు పుట్టినా నోరు విప్పలేదు. 1737లో చావుమంచం మీద ఉన్నప్పుడు గానీ తండ్రికి చెప్పలేదు.

"వాళ్ళ నాన్న కూడా అలాగే చేసుకున్నాడు కదా, మరెందుకు భయం?" అంది మా అమ్మాయి. బడిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని దాని బెంగ. నేను వంటింట్లో పని ఉన్నట్టు లేచాను. బియ్యం కడిగే చప్పుడులో కూడా అమ్మ మాట వినబడింది.

"తొమ్మిదిమందా? ఒక్కరి మొహం కూడా తాతకు చూపించలేదా?"

"తెలియదు అమ్మమ్మా. పుస్తకంలో లేదు."

కాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మ, "ఆ ఫోను కాస్త దగ్గరికి పెట్టవే, మొహం సరిగా కనబడటం లేదు" అంది.