ఊహా రాజ్యానికి జిల్లాలు గీసే ముందు

నవల కోసమో, బోర్డు ఆట కోసమో స్వీడన్, నార్వే, డెన్మార్క్ లాంటి నార్డిక్ తరహా రాజ్యాన్ని ఊహించేవాళ్లు సాధారణంగా ముందు తీరం గీస్తారు. తర్వాత దాన్ని పది ముక్కలు చేసి ముక్కకో ప్రభువును కూర్చోబెడతారు. బొబ్బిలి, విజయనగరం, పర్లాకిమిడి సంస్థానాల కథలు వింటూ పెరిగిన మన ఉత్తరాంధ్ర వాళ్లకు ఆ బొమ్మ చప్పున తోస్తుంది. అక్కడి చరిత్రకు మాత్రం అతకదు. స్వీడన్‌లో 1866 దాకా పార్లమెంటు నాలుగు వర్గాలుగా కూర్చునేది. ప్రభువులు, మతాధికారులు, పట్టణ వర్తకుల తర్వాత నాలుగో వర్గం రైతులది. డెన్మార్క్‌ది వేరే దారి. అక్కడ 1733 నుంచి 1788 దాకా రైతు కుటుంబాల మగవాళ్లు పుట్టిన ఎస్టేటు వదిలి వెళ్లకుండా కట్టడి ఉండేది. కాబట్టి మీ రాజ్యంలో జమీందారీ వాసన కావాలంటే డెన్మార్క్ వైపు చూడండి. స్వీడన్, నార్వేల వైపు చూస్తే ప్రభువు బదులు ఉద్యోగి కనిపిస్తాడు.

ఆ ఉద్యోగి పుట్టింది 1634లో. ఆ ఏటి పాలనా చట్టం స్వీడన్‌ను 'లెన్'లుగా, అంటే జిల్లాలుగా విడగొట్టి, ఒక్కో లెన్‌కు రాజు నియమించే గవర్నరును పెట్టింది. చాన్సలర్ ఆక్సెల్ ఊక్సెన్‌షేర్నా చేయించిన పని అది. ఈ గవర్నరు మన కలెక్టరుకు దగ్గరి చుట్టం. పైనుంచి వస్తాడు, జీతం తీసుకుంటాడు, కుర్చీని కొడుక్కి ఇవ్వలేడు. ఊహా రాజ్యాల్లో నాకు ఎక్కువగా కనిపించే లోటు ఈ మనిషి లేకపోవడమే. రాజు ఉంటాడు, వీరుడు ఉంటాడు, పన్ను లెక్క రాసి రాజధానికి పంపేవాడు ఉండడు.

గీతలు గీసే ముందు పాలనలోని ప్రతి అంచెకూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పెద్దను ఎవరు నియమిస్తారు? సభను ఎవరు ఎన్నుకుంటారు? డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మూడింటికీ ఒకే జవాబు వస్తే ఆ అంచె ఇంకా తయారు కానట్టే. ఇప్పటి స్వీడన్‌లో ఒకే భూభాగం మీద గవర్నరు కార్యాలయం ఉంటుంది, ఆసుపత్రులు నడిపే ఎన్నికైన ప్రాంతీయ సభ కూడా ఉంటుంది. ఒకటి రాజ్యం తరఫున, రెండోది జనం తరఫున. మన దగ్గర కలెక్టరేటూ జిల్లా పరిషత్తూ ఉన్నట్టే. ఆ రెండిటి హద్దులు కలవాలన్న రూలు కూడా లేదు. 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుంచి రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. కానీ 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు పాత జిల్లాల హద్దులతోనే నడిచాయి. కలెక్టరు ఒక ఊళ్లో, జెడ్పీ చైర్మన్ ఇంకో ఊళ్లో. ఇలాంటి మెలిక ఒకటైనా మీ పటంలో ఉండాలి. పెట్టకపోతే నిన్ననే గీసిన పటమని తెలిసిపోతుంది.

ఇక పరిమాణం. డెన్మార్క్‌లో దాదాపు 60 లక్షల మందికి 98 కమ్యూన్‌లు (ఎన్నికైన సభ ఉండే కింది స్థాయి స్థానిక సంస్థలు), అంటే సగటున ఒక్కోదానికి 60 వేల మంది. శ్రీకాకుళం జిల్లా ఇప్పటి హద్దుల్లో 2011 లెక్కల ప్రకారం దాదాపు 22 లక్షల మంది, 30 మండలాలు. అంటే డెన్మార్క్ కమ్యూన్ మన మండలం అంతే, కొంచెం చిన్నది కూడా. తేడా అంతా అధికారంలో ఉంది. కమ్యూన్ తన జనం ఆదాయం మీద సొంతంగా పన్ను వేస్తుంది, బడులు నడుపుతుంది, ముసలివాళ్లను చూసుకుంటుంది. మన మండల పరిషత్తుకు అలాంటి పన్ను లేదు. మధ్యలో ఉన్న డెన్మార్క్ ప్రాంతాల సంగతి ఇంకా తమాషా. 2007లో 271 కమ్యూన్‌లను 98కి కుదించి, పాత కౌంటీలు (జిల్లా స్థాయి సంస్థలు) తీసేసి ఐదు ప్రాంతాలు పెట్టినప్పుడు వాటికి పన్ను వేసే హక్కే ఇవ్వలేదు. ఆసుపత్రులు వాటివి, డబ్బు పైనుంచీ కిందినుంచీ రావాలి. నవలకు ఇంతకంటే మంచి తగాదా దొరకదు.

సగటు మనల్ని మోసం చేస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. స్వీడన్ ఉత్తరాన కిరునా అనే ఒక్క కమ్యూన్ వైశాల్యం సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లు. ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ కలిపినా అందులో సగానికి తక్కువే. జనం మాత్రం పాతిక వేలు కూడా లేరు. నార్వేలో ఉట్‌సీరా అనే దీవి కమ్యూన్‌లో దాదాపు 200 మంది, ఓస్లోలో ఏడు లక్షలు. చట్టం దృష్టిలో రెండూ కమ్యూన్‌లే. మీ కమ్యూన్‌లన్నీ పటం మీద ఒకే సైజులో కనిపిస్తున్నాయంటే తప్పు జరిగింది.

ఉదాహరణకు ఓర్న్‌మార్క్ అనే కల్పిత రాజ్యం అనుకుందాం. జనాభా 24 లక్షలు, 9 లెన్‌లు, 104 కమ్యూన్‌లు. పశ్చిమ తీరంలో ఒక కమ్యూన్‌లో 2,900 మంది. పన్ను కట్టేవాళ్లు 1,700, వాళ్ల సగటు ఆదాయం ఏటా 4 లక్షల క్రౌన్లు, కమ్యూన్ పన్ను 20 శాతం. రాబడి 13.6 కోట్లు. ఖర్చు చూడండి: బడి పిల్లలు 320 మంది, ఒక్కొక్కరికి లక్షన్నర చొప్పున 4.8 కోట్లు. సంరక్షణ కావలసిన ముసలివాళ్లు 210 మంది, ఒక్కొక్కరికి మూడున్నర లక్షల చొప్పున 7.35 కోట్లు. రోడ్లు, మంచు తీత 1.2 కోట్లు, అగ్నిమాపకం 60 లక్షలు, ఆఫీసు 1.4 కోట్లు. మొత్తం 15.35 కోట్లు. నీళ్లు, మురుగు ఇందులో చేర్చకూడదు. స్వీడన్‌లోనైనా డెన్మార్క్‌లోనైనా వాటి ఖర్చు మామూలుగా వాడకందారుల రుసుములోంచే వస్తుంది, అందులో లాభం తీయకూడదు.

1.75 కోట్లు తక్కువ పడింది. పన్ను ఒక శాతం పెంచితే 68 లక్షలు వస్తాయి కాబట్టి, లోటు పూడాలంటే 22.6 శాతం దాకా పోవాలి. పక్క కమ్యూన్‌లో 19 శాతమే ఉంటే కుర్ర కుటుంబాలు అటు కదులుతాయి. పన్ను కట్టేవాళ్లు తగ్గుతారు, ముసలివాళ్లు మిగులుతారు, లోటు ఇంకా పెరుగుతుంది. అందుకే నార్డిక్ దేశాలన్నిటిలో కలిగిన కమ్యూన్ నుంచి లేని కమ్యూన్‌కు డబ్బు సర్దే ఏర్పాటు ఉంది. అది లేకుండా ఊహా రాజ్యం రాస్తే మీ ఉత్తరం ఇరవై ఏళ్లలో ఖాళీ అవుతుంది. ఉంటే రాజధాని జనం ప్రతి ఎన్నికకూ దాని మీద గొణుగుతారు. ఏది రాసినా కథే.

హద్దు ఎక్కడ గీయాలన్నది తర్వాతి మాట. ఇక్కడ మన అలవాటు అడ్డు పడుతుంది. నాగావళి, చంపావతి చూసిన కళ్లకు నీరంటే హద్దు. ఫ్యోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఉన్న దేశంలో నీరే దారి, కొండే గోడ. పడవలే బండ్లయిన రోజుల్లో ఫ్యోర్డ్ రెండు ఒడ్లూ ఒకే చర్చికి, ఒకే సభకు చెందడం మామూలు. అందుకే గీత కొండ శిఖరాల మీదుగా పోవాలి. మధ్యయుగంలో నార్వే తీరాన్ని పంచింది కూడా ఓడల లెక్కనే. ఒక్కో విభాగం ఒక యుద్ధ నావను, దానికి మనుషుల్ని, తిండిని సమకూర్చాలి. రోడ్లు, సొరంగాలు వచ్చాక ఈ లెక్క తిరగబడింది. 1960లలో నార్వే కమ్యూన్‌లను కలిపేటప్పుడు అవతలి ఒడ్డు పల్లెలు కొన్ని రోడ్డు కలిసిన వైపుకు మారాయి. మీ కథ ఏ కాలానిదో ముందే తేల్చుకుంటే హద్దులు వాటంతట అవే కుదురుతాయి.

అన్నిటికన్నా కింది ముక్క చర్చి పారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు. స్వీడన్‌లో 1862లో కమ్యూన్‌లు చర్చి నుంచి విడిపడి సొంతంగా నిలిచాయి గానీ, పుట్టుకలు, చావులు, వలసలు రాసే పుస్తకం 1991 జూలై 1 దాకా చర్చి దగ్గరే ఉంది. ఆ తర్వాతే పన్నుల శాఖకు వెళ్లింది. మన దగ్గర 1984లో మునసబు, కరణం పదవులు రద్దయ్యాక ఊరి లెక్కలు ఎవరి చేతికి వెళ్లాయో తెలిసినవాళ్లకు ఈ మార్పు బరువు అర్థమవుతుంది. పుస్తకం ఎవరి దగ్గర ఉంటే ఊరు వాళ్ల మాట వింటుంది.

మేయరును సినిమా సర్పంచిలా రాయకండి. నార్వేలో 1837 చట్టాలనుంచి స్థానిక సభ నడుస్తోంది. సభ తనలోంచే మేయరును ఎన్నుకుంటుంది. కార్యవర్గంలో పార్టీల బలాన్ని బట్టి సీట్లు పడతాయి కాబట్టి ఓడిన పక్షం కూడా అదే బల్ల దగ్గర కూర్చుంటుంది. రోజువారీ పని జీతానికి పెట్టుకున్న ముఖ్య అధికారిది. ఎంపీపీ, ఎంపీడీఓ జోడీ గుర్తుకొస్తే తప్పులేదు. కాకపోతే అక్కడ ఆ అధికారిని నియమించేదీ తీసేసేదీ సభే. 5,000 మంది లోపు కమ్యూన్‌కు కనీసం 11 మంది సభ్యులు, సంఖ్య ఎప్పుడూ బేసి. సభ తీర్మానం చట్టానికి విరుద్ధమనిపిస్తే ముగ్గురు సభ్యులు కలిసి రాజ్య ప్రతినిధి దగ్గరికి పంపవచ్చు. స్వీడన్‌లో అయితే ఆ కమ్యూన్ వాసి ఎవరైనా మూడు వారాల్లోగా కోర్టుకు వెళ్లవచ్చు. ఎన్నికల తేదీ కూడా ఊరకే పెట్టేది కాదు. స్వీడన్‌లో దేశం, ప్రాంతం, కమ్యూన్ మూడు అంచెలకూ ఒకే రోజు ఓటు. నార్వేలో స్థానిక ఎన్నికలు జాతీయ ఎన్నికలకు రెండేళ్ల ఎడంలో పడతాయి. రాజధాని మీద కోపాన్ని ఊరి మేయరు మీద తీర్చుకునే సన్నివేశం కావాలంటే నార్వే పద్ధతి పెట్టుకోండి.

గీతకు లొంగని జనం గురించి కూడా ఆలోచించాలి. డెన్మార్క్-నార్వే, స్వీడన్ 1751లో సరిహద్దు గీసుకున్నప్పుడు, ఉత్తరాది ఆదివాసులైన సామీలు రెయిన్‌డీర్ మందలతో ఆ సరిహద్దు దాటే హక్కును ఒప్పందానికి అనుబంధంగా రాశారు. నార్వేలో సామీ పార్లమెంటు 1989లో, స్వీడన్‌లో 1993లో మొదలైంది. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పని తీరు తెలిసినవాళ్లకు, మామూలు పాలన మీద ఇంకో పాలన పరుచుకుని ఉండడం కొత్త కాదు. అంచుల్లోని దీవులదీ అదే దారి. బాల్టిక్ సముద్రంలో డెన్మార్క్‌కున్న క్రిస్టియాన్సో దీవి ఏ కమ్యూన్‌లోనూ లేదు, రక్షణ శాఖ చూసుకుంటుంది. ఉత్తర ధ్రువం వైపున్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్‌ను ఏ కౌంటీలోనూ కలపలేదు, అక్కడ ప్రత్యేక గవర్నరు. ఓర్న్‌మార్క్‌కూ ఇలాంటి అతుకు ఒకటి చాలు. రెండు పెడితే పాఠకుడు తికమకపడతాడు.

విలీనాల దెబ్బ రాయాలంటే నార్వే దగ్గర నేర్చుకోవాలి. 2020లో కౌంటీలను కలిపి 11 చేశారు. వీకెన్ లాంటి కొత్త కౌంటీలు చాలామందికి నచ్చలేదు. 2024 జనవరి 1న వీకెన్ మూడుగా విడిపోయింది, ఇంకో రెండు కౌంటీలు రెండేసిగా విడిపోయాయి, మొత్తం 15 అయ్యాయి. బోర్డులు, ముద్రలు, కంప్యూటర్ ఖాతాలు అన్నీ రెండుసార్లు మార్చారు.

చివరగా సంకేత సంఖ్యలు, చాలామంది వదిలేసే పని. స్వీడన్‌లో ప్రతి లెన్‌కూ రెండంకెల సంఖ్య ఉంటుంది. కమ్యూన్‌కు నాలుగంకెలు, అందులో మొదటి రెండూ లెన్‌వి. 11, 15, 16 ఇప్పుడు లేవు. 1997లో స్కోనే, 1998లో వెస్త్రా యోటలాండ్ ఏర్పడినప్పుడు కలిసిపోయిన పాత లెన్‌ల సంఖ్యలవి. ఖాళీలను ఎవరూ పూడ్చలేదు. ఓర్న్‌మార్క్ తొమ్మిది లెన్‌లకు 1 నుంచి 12 దాకా వేసి 02, 07, 10 వదిలేయండి. ఆ మూడూ ఎప్పుడు, దేనిలో కలిశాయో మీ నోటుపుస్తకంలో ఒక్కో వాక్యం రాసుకుంటే సరి. కథలో చెప్పక్కర్లేదు.