జీన్ టెస్ట్ చూసి డైట్ ఇస్తామన్నారు: నా అనుభవం

జీన్ టెస్ట్ కంపెనీ వాళ్ళ కౌన్సెలింగ్ కాల్ శనివారం సాయంత్రం అయింది. ఇవాళ మంగళవారం. ఆ మాటలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి, అందుకే రాస్తున్నాను.

మాది ఖమ్మం. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ లెక్చరర్‌ని, వయసు 44. నాన్నగారు షుగర్ వల్ల కిడ్నీలు పాడై చనిపోయారు. మొన్న మార్చిలో నాకు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ కింద లెక్క. బెంగళూరులో ఉండే తమ్ముడికి చెప్తే వాడు కంగారుపడి, "అక్కా, మన జీన్స్ చూసి మనకు ఏది పడుతుందో చెప్తారట" అంటూ ఆ రాత్రే 12,000 పెట్టి కిట్ ఆర్డర్ చేశాడు. వాడి ప్రేమను తప్పుపట్టను.

కిట్ రెండు రోజుల్లో వచ్చింది. ఉమ్మి ఇవ్వడానికి ముందు అరగంట ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు. ట్యూబులో గీత దాకా నింపాలి, నురుగు లెక్కలోకి రాదు. మొదటిసారి నేను నురుగుతో కలిపి గీత చూసుకున్నాను. డీఎన్ఏ చాలలేదని మూడు వారాల తర్వాత మెయిల్ పెట్టారు. మళ్ళీ ఇంకో ట్యూబు. మీరెవరైనా ఇస్తుంటే తొందరపడకండి, నురుగు తగ్గేదాకా ఆగి చూసుకోండి.

రిపోర్టు 70 పేజీలు దాటింది. పాలు పడవు, గోధుమ పడదు, షుగర్ రిస్కు ఎక్కువ, ఆకలి అదుపు తక్కువ. ప్రతి పేజీలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు. దాన్ని వివరించడానికే కాల్.

నేను చేసిన పొరపాటు ఒక్కటే. హాల్లో కూర్చుని, మా అత్తయ్య కూడా వింటారని స్పీకర్ ఆన్ చేశాను. అవతల అమ్మాయిది చిన్న గొంతు. ఐదు నిమిషాలు బాగానే మాట్లాడింది. తర్వాత అడిగింది: "మేడమ్, మీ ఎఫ్‌టీవో జీన్ రెడ్‌లో ఉంది. మీరు రాత్రిళ్ళు ఇంట్లో వాళ్ళకు తెలియకుండా తింటుంటారు కదా?"

నాకు నోట మాట రాలేదు. మావారు పేపర్ పక్కన పెట్టి నా వైపు చూశారు. అలాంటి అలవాటేమీ లేదమ్మా అన్నాను. "చాలామంది ఒప్పుకోరు మేడమ్, జీన్స్ అబద్ధం చెప్పవు" అంది.

ఇరవై ఏళ్ళుగా కార్తీక సోమవారాలు ఒక్కటి తప్పకుండా ఉపవాసం ఉన్నదాన్ని. నక్షత్రం చూసేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టను. ఎఫ్‌టీవో గురించి నాకు తెలియక కాదు. బరువుతో ముడిపడిన జీన్ అది. అందులో రిస్కు రకం రెండు కాపీలూ ఉన్నవాళ్ళు, అసలు లేనివాళ్ళకంటే సగటున 3 కిలోలు ఎక్కువ బరువున్నారని 2007లో యూరప్ జనం మీద చేసిన పరిశోధనలో తేలింది. వేలమంది సగటులో కనబడే 3 కిలోల తేడా పట్టుకుని, మా అత్తయ్య ముందు నన్ను దొంగతిండి మనిషిని చేస్తారా? అదే ప్రశ్న ఆ అమ్మాయిని అడిగాను. "ఇవన్నీ చాలా టెక్నికల్ మేడమ్, మీకు జెనెటిక్స్ అర్థం కాదు" అంది. పద్దెనిమిదేళ్ళుగా బైపీసీ పిల్లలకు మెండెల్ సూత్రాలు బోర్డు మీద వేసి చెప్తున్నాను. నా దగ్గర చదివిన పిల్లల్లో ఏడుగురు ఇవాళ డాక్టర్లు. ఆ మాట చెప్పాను కూడా. తను వినిపించుకోలేదు, చేతిలో ఉన్న కాగితం చదువుతూ పోయింది.

పాలు, పెరుగు ఈ రోజు నుంచే మానేయమంది. పాలలోని చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ పెద్దయ్యాక తగ్గిపోవడం ప్రపంచంలో ఎక్కువమందికి మామూలే. పెద్దయ్యాకా దాన్ని నిలిపి ఉంచే మార్పు మన దేశంలో వాయవ్యాన ఎక్కువ, దక్షిణాదిలో తక్కువ అని మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనం 2012లోనే వచ్చింది. అంటే ఈ ఎర్ర గుర్తు మా వీధిలో చాలామందికి వస్తుంది. పెరుగు తోడుకునేటప్పుడు ఆ చక్కెరలో కొంత బ్యాక్టీరియాయే తినేస్తుంది. నలభై ఏళ్ళుగా పెరుగన్నం తింటున్నాను, ఒక్కరోజు కడుపు ఉబ్బరం ఎరగను. అది మాత్రం ఎవరూ అడగలేదు.

గోధుమ సంగతీ అంతే. గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకు సంబంధించిన హెచ్‌ఎల్‌ఏ అనే జీన్ రకం లేకపోతే ఆ జబ్బు దాదాపు రాదని చెప్పొచ్చు. ఉన్నంత మాత్రాన వస్తుందని కాదు, ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి జీవితాంతం రాదు. రాత్రి తినే రెండు చపాతీలు మానేసి వాళ్ళ పొడి కలుపుకుని తాగాలట. ఆరు నెలలకు 18,000. అప్పటికి అసలు విషయం బయటపడింది. ఆలోచించి చెప్తానంటే, "మీ ఫాదర్‌కి జరిగింది మీకూ జరగాలా మేడమ్?" అంది. అక్కడ ఫోన్ పెట్టేశాను. చేతులు వణికాయి.

అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంటింట్లోంచి మజ్జిగ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి, "ఎవరే ఆ పిల్ల, మనింట్లో ఉండి చూసినట్టు మాట్లాడుతుంది? తాగు ముందు" అన్నారు. ఏడుపొచ్చేసింది.

జీన్స్ చూసి తిండి మార్చడమే అబద్ధం అనను. పుట్టిన బిడ్డకు ఫినైల్‌కీటోన్యూరియా (ప్రొటీన్‌లోని ఫినైల్అలనిన్‌ను ఒళ్ళు సరిగా వాడుకోలేని జబ్బు) ఉందని మొదటి రోజుల్లోనే తెలిస్తే, ఫినైల్అలనిన్ తక్కువ ఉండే ఆహారం ఆ బిడ్డ మెదడును కాపాడుతుంది. అది ఒక్క జీన్ తేడా. షుగర్, బరువు అలా కాదు, వందల జీన్స్ తలా కొంచెం చేయి వేస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో 609 మందికి ఏడాది పాటు కొందరికి కొవ్వు తగ్గించి, కొందరికి పిండిపదార్థాలు తగ్గించి చూశారు. జీన్స్‌ని బట్టి ఎవరికి ఏ డైట్ పనిచేస్తుందో చెప్పలేకపోయామని 2018లో ప్రచురించారు. నా రిపోర్టులో షుగర్ రిస్కు అని చూపించింది టీసీఎఫ్7ఎల్2 అనే జీన్. దాని ప్రభావం నిజమే. కానీ అమెరికాలో జరిగిన పెద్ద డయాబెటిస్ నివారణ ప్రయోగంలో నడక, బరువు తగ్గడం ఈ రిస్కు రకం ఉన్నవాళ్ళకూ మేలే చేశాయి. అంటే జీన్ తెలిసినా తెలియకపోయినా నేను చేయాల్సింది అదే పని.

ఆదివారం మా వీధి చివర డాక్టర్‌గారి దగ్గరికి వెళ్ళాను. 70 పేజీలు తిరగేయలేదు. నడుము కొలిచారు, ఏం తింటానో అడిగారు, గ్లూకోమీటర్ కొనమన్నారు. నిన్న నాలుగు ఇడ్లీలు తిన్న రెండు గంటలకు షుగర్ 168. ఇవాళ రెండు పెసరట్లు తింటే 131. నా ఒంటికి సంబంధించిన సంగతి 1,100 రూపాయల మీటరు ఇంత సూటిగా చెప్పింది. అన్నం తిన్నాక పావుగంట నడవమన్నారు, మావారూ నాతో వస్తున్నారు.

టెస్ట్ చేయించుకునే ముందు ఒప్పంద పత్రం చదవండి. పరిశోధనకు మీ డేటా ఇస్తామనే గడిలో మా తమ్ముడు చూడకుండా టిక్ పెట్టేశాడు. ఆ డీఎన్ఏ నాదొక్కదానిదే కాదు, సగం వాడిదీ, మా పిల్లలదీ. శాంపిల్ పారేయమని, డేటా తీసేయమని నిన్న మెయిల్ పెట్టాను. పొడి మీద డిస్కౌంట్ ఇస్తామని జవాబొచ్చింది. 2023 డేటా రక్షణ చట్టం పేరు రాసి ఇప్పుడే మళ్ళీ పంపాను.