కట్టెకు తోలు తొడిగిన యుద్ధ సమ్మెట: నా అనుభవం

సమ్మెట తల ఎంత పెద్దగా ఉండాలన్న దగ్గరే పని మొదలైంది. కామిక్స్, సినిమా పాత్రల వేషాలు వేసుకుని వెళ్లే కామిక్ కాన్ అనే వేడుకకు వేసుకెళ్లడానికి మా తమ్ముడు ఒక కమ్మరి యోధుడి వేషం అనుకున్నాడు. వాడు గీసిచ్చిన బొమ్మలో సమ్మెట తల మనిషి తలకాయ కన్నా పెద్దది. ఇలాంటి చోట్లకు ఇనుప ఆయుధాలు రానివ్వరు కాబట్టి మొత్తం కట్టెతోనే చేయాలి. "అక్కా, చూస్తే బరువుగా అనిపించాలి, మోస్తే తేలిగ్గా ఉండాలి" అన్నాడు.

నిజం యుద్ధాల్లో వాడిన సమ్మెటలు అంత పెద్దవి కావు. 14, 15 శతాబ్దాల్లో యూరప్‌లో యోధులు ఒళ్లంతా ఉక్కు పలకల కవచం తొడుక్కునేవాళ్లు. దాని మీద కత్తి వేటు జారిపోతుంది. అందుకని పొడవాటి కామకు, అంటే పిడికర్రకు, చిన్న ఉక్కు తల బిగించి, ఒక వైపు మొద్దుగా, ఇంకో వైపు పక్షి ముక్కులా కోసుగా చేసేవాళ్లు. ఒంటిచేత్తో తిప్పేవి కిలోన్నర దరిదాపుల్లోనే ఉండేవి. ఆటల్లో, బొమ్మల్లో కనిపించే భారీ తల ఊహ మాత్రమే. ఆ ఊహ నాకూ ఇష్టమే, అందుకే దాన్ని చిన్నది చేయమని తమ్ముడికి చెప్పలేదు.

24 సెం.మీ. పొడవు, 14 సెం.మీ. వెడల్పు, అంతే ఎత్తు అనుకుని లెక్క వేశాను. ఆ కొలతల్లో ఉక్కు దిమ్మ అయితే దాదాపు 37 కిలోలు తూగుతుంది. మామిడి దిమ్మ అయినా మూడు కిలోలకు దగ్గర. అది కామ చివరన ఉంటే మణికట్టు మీద పడే భారం ఇంకా ఎక్కువ. అందుకే తలను లోపల బోలుగా, పెట్టెలా కట్టాలని నిర్ణయించుకున్నాను. 18 మి.మీ. పలకలు, నడుమ కామ దూరడానికి ఒక గట్టి దిమ్మ. ఇలా చేస్తే తల రెండు కిలోల లోపే ఉంటుంది.

పొనికి కట్టె వాడితే ఇంకా తేలికయ్యేది. నిర్మల్ బొమ్మలు చేసేది ఆ కట్టెతోనే. ఉలి పెడితే మెత్తగా తెగుతుంది. కానీ ఆ చెట్లు తగ్గిపోయి బొమ్మలు చేసేవాళ్లకే కట్టె దొరకడం కష్టంగా ఉంది. వాళ్ల జీవనాధారమైన కట్టెను నా సరదా పనికి తెచ్చుకోవడానికి మనసొప్పలేదు. మామిడి పలకలు హనుమకొండలోనే కట్టెకోత మిల్లులో దొరికాయి. ధర తక్కువ, రంగు బాగా పీలుస్తుంది.

పెట్టె కట్టడంలో పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. పలకలు మూలమట్టం పెట్టి కోయడం, ఫెవికాల్ రాసి పాత సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి ఒక రోజు వదిలేయడం, అంతే. ట్యూబు పట్టీ అన్ని వైపుల నుంచీ సమంగా ఒత్తుతుంది, నాకు క్లాంపుల కన్నా అదే నచ్చింది. పైన మూత అంటించే ముందు లోపలి ఖాళీల్లో రంపపు పొట్టు, పాత గుడ్డలు కుక్కాను. లేకపోతే కింద పెట్టినప్పుడల్లా డబ్బాలా మోగి, బరువన్న భ్రమ పోతుంది. ఆరాక అంచులన్నీ రందతో (చిత్రికతో) ఏటవాలుగా చెక్కాను. మూలలు పదునుగా ఉంటే మీద తోలు తొందరగా అరిగిపోతుంది.

రెండు పక్కలా ఒక్కో తామర పువ్వు చెక్కాను. దానికోసం ఖిలా వరంగల్ తోరణాల దగ్గర, పాలంపేట రామప్ప గుడిలో కూర్చుని బొమ్మలు గీసుకున్నాను. రామప్ప 1213 నాటిది, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి స్తంభాల మీది సన్నని పని మామిడి కట్టెకు రాదు, దీని రేఖ, అంటే కట్టెలోని నార గీతలు, ముతక. అందుకే రేకులు వెడల్పుగా, నాలుగైదు మిల్లీమీటర్ల లోతుతో తీశాను. ఊహాలోకపు ఆయుధమంటే పరాయి దేశపు కోటల నుంచే రావాలని ఎక్కడుంది? మన దగ్గర ఇంత శిల్పం ఉండగా.

కామకు తిరుమాను కట్టె. మన వైపు గొడ్డళ్లకు వాడేదే, అంగడిలో దొరుకుతుంది. కొనేటప్పుడు రేఖ చూడాలి. అది కామ పొడవునా ఒక చివర నుంచి ఇంకో చివర దాకా సాగాలి, నడుమ పక్కకు దిగిపోతే ఆ చోటే విరుగుతుంది. తలలో వేసిన బెజ్జం పైకి పోయే కొద్దీ కొంచెం వెడల్పు చేశాను. కామ పై కొసను రంపంతో చీల్చి, తలలోకి దూర్చాక ఆ చీలికలో గట్టి చెక్క చీల కొట్టాను. చీల కామను ఏ వైపుకు విప్పుతుందో ముందే చూసుకోవాలి. తల పలక రేఖ పోయే దిశలో ఒత్తితే ఏమీ కాదు, అడ్డంగా ఒత్తితే పలక పగులుతుంది. ఇది హనుమకొండలో ఒక వడ్రంగి అన్న దగ్గర నిలబడి నేర్చుకున్నాను.

ఇనుము రంగు కోసం పెయింటు వాడలేదు. వెనిగర్‌లో స్టీల్ పీచు వేసి కొన్ని రోజులు ఉంచాను. గ్యాస్ వస్తుంది కాబట్టి సీసా మూత బిగించకూడదు. ఇంకో పక్క కరక్కాయలు దంచి చిక్కటి కషాయం కాచాను. ముందు కషాయం పూసి, ఆరాక వడకట్టిన ఇనుప నీళ్లు పూస్తే కళ్ల ముందే కట్టె నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి చేసే పని అది. కలంకారీలో నల్ల గీత వచ్చేదీ ఇలాగే. ఈ నలుపు పైపొరలా కనిపించదు, కట్టె రేఖ లోపలి నుంచి పాత ఇనుములా మెరుస్తుంది. గంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఇక తోలు. నా లెక్కలో ఈ పనికి ప్రాణం ఇదే.

ముందు తోలు రకం తెలియాలి. బజారులో ఎక్కువగా దొరికేది క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు. మెత్తగా ఉంటుంది కానీ తడిపి వంచితే ఆ ఆకారంలో నిలబడదు. మనకు కావాల్సింది చెట్ల బెరడుతో పదును చేసిన తోలు. మన దగ్గర పూర్వం తంగేడు చెక్కతో చేసేవాళ్లు. కోసిన అంచు లోపలి దాకా గోధుమ రంగులో ఉండి, నీటి చుక్క వేస్తే పీల్చుకుని ముదురు రంగుకు తిరిగితే అదే సరైన తోలు. హైదరాబాద్‌లో బెల్టులు కుట్టే దుకాణం నుంచి 2 మి.మీ. మందం ముక్క తెప్పించుకున్నాను.

తెచ్చాను కానీ కోయడానికి చెయ్యి రాలేదు. వీడియోలు చాలా చూశాను. అవన్నీ చెప్పులు, బ్యాగుల పని. కట్టె మీద తోలు బిగించే పని ఎవరికి బాగా తెలుసని ఆలోచిస్తే డప్పు గుర్తొచ్చింది. కట్టె వలయానికి మేకతోలు బిగించేవాళ్ల కన్నా ఎవరికి తెలుస్తుంది? ధర్మసాగర్ దిక్కు ఒక ఊళ్లో డప్పులు కట్టే పెద్దాయన ఉన్నాడంటే వెళ్లాను. ఒకప్పుడు మోట బావులకు తోలు బొక్కెనలు కూడా కుట్టిన మనిషి. నా తోలు ముక్కను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ గుంజి చూసి, ఏది వీపు భాగమో ఏది కడుపు భాగమో వేలితో గీత గీసి చూపించాడు.

"వీపు తోలు సాగది, కడుపు తోలు సాగుతది బిడ్డా. కామకు వీపుది దియ్యి, మూలలకు కడుపుది దియ్యి."

ఈ ఒక్క మాటతో నా పని సగం తేలికైంది. కామ మీది తోలు సాగితే చేతిలో తిరిగిపోతుంది. మూల మీది తోలు సాగకపోతే మడత పడుతుంది.

రెండో మాట జిగురు గురించి. రబ్బరు సొల్యూషన్ తడి మీద పట్టదు, తోలేమో తడిగా ఉన్నప్పుడే ఆకారం తీసుకుంటుంది. ఈ చిక్కు ఎట్లా విప్పాలి తాతా అని అడిగితే, "చింతగింజల అంబలి కాయరాదు" అన్నాడు. గింజలు వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి ఉడికిస్తే వచ్చే జిగురు అది. డప్పుకు తోలు అంటించేది దానితోనే. చేర్యాల బొమ్మలకూ అదే. నీటితో చేసిన జిగురు కాబట్టి తడి తోలుతో చక్కగా కలిసిపోతుంది.

కామకు ముందు సన్న తాడును ఎడంగా మెలికలు చుట్టాను, తోలు పైకి గట్లు తేలి పట్టు దొరకడానికి. తాడు మీద కాగితం పట్టీ చుట్టి కొలిచి, దానికన్నా 3 మి.మీ. తక్కువ వెడల్పుతో తోలు కోశాను. రంపె అనే తోలు కత్తితో అంచులు పలచగా గీసి, ఆరె అనే మొనదేలిన పనిముట్టుతో 6 మి.మీ. ఎడంతో బెజ్జాలు వేశాను. నీళ్లలో ముంచి, బుడగలు ఆగాక తీసి, మైనం పట్టించిన దారంతో రెండు సూదులు పెట్టి రెండంచులూ తాకేలా, దారాలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటేలా కుట్టుకుంటూ వచ్చాను. నేను దారాన్ని బలంగా లాగుతుంటే తాత నా చెయ్యి ఆపాడు. "నువ్వు గుంజుడు కాదు బిడ్డా. ఎండుతుంటే అదే గుంజుకుంటది." నిజమే. నీడన ఆరిన రెండో రోజుకు తాడు గట్లు ఒక్కొక్కటీ తోలు మీద తేలాయి, కామ, తోలు ఒకే వస్తువైపోయాయి. ఎండలో పెడితే మాత్రం తోలు బిరుసెక్కి పగుళ్లిస్తుంది.

తల మూలలకు కడుపు తోలు తడిపి, అంబలి రాసి, చెంచా వెనుక భాగంతో ఒత్తుకుంటూ పోయాను. ఇనుప పట్టీలు ఉండాల్సిన చోట రెండు తోలు పట్టీలు అడ్డంగా చుట్టి ఇత్తడి మేకులు కొట్టాను. ఇక్కడ ఇనుప మేకులు పనికిరావు. తడి తోలులోని టానిన్‌తో కలిసి మేకు చుట్టూ నల్ల మరక వేస్తాయి. కట్టె మీద నేను కావాలని చేసిన పనే, తోలు మీద అక్కర్లేని చోట జరుగుతుంది. అన్నీ ఆరాక గుడ్డతో పలచగా ఆముదం పట్టించాను. ఊళ్లో తోలు చెప్పులకు పెట్టేదే.

తూకం వేస్తే రెండున్నర కిలోల లోపే ఉంది. తమ్ముడు రోజంతా భుజాన వేసుకుని తిరగగలడు. పూర్తయ్యాక తాతకు చూపించడానికి తీసుకెళ్లాను. ఆయన కుట్టు మీద బొటనవేలు ఆనించి పై నుంచి కింది దాకా జరిపి, "కుట్టు మంచిగ వచ్చింది. వానకాలం జాగ్రత్త, బూజు వడ్తది" అన్నాడు. అందుకే ముసురు పట్టిన రోజుల్లో గోడకు ఆనించకుండా గాలి ఆడే చోట వేలాడదీస్తున్నాం. తెల్లగా బూజు కనిపిస్తే వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, ఆరాక మళ్లీ ఇంత ఆముదం రాస్తే సరిపోతోంది.