వేసవి బేస్‌బాల్ కాలక్షేపం కాదు బాబోయ్

మావాడు ఈ వేసవంతా ట్రావెల్ టీమ్‌తో (స్కూల్‌తో సంబంధం లేకుండా ఊరూరా టోర్నమెంట్లు తిరిగే జట్టుతో) ఆడాడు, అట్లాంటాకి ఉత్తరాన లేక్‌పాయింట్ మైదానాల్లో వాడితో పాటు మేమూ మాడిపోయాం. స్కూల్ సీజన్ నడిచే వసంతంలో కాలేజీ కోచ్‌లకి వాళ్ల మ్యాచ్‌లే సరిపోతాయి కాబట్టి తమ జట్లలోకి తీసుకునే పిల్లల్ని తీరిగ్గా చూసేది వేసవిలోనే. రాడార్ గన్‌లు పట్టుకుని వెనక కూర్చుంటారు గానీ వేగం ఒక్కటే కాదు, అవుటయ్యాక హెల్మెట్ విసిరికొట్టాడా, తర్వాతి బంతికి తేరుకున్నాడా అనేదీ గమనిస్తారు.

ఇక్కడి పెద్ద టోర్నమెంట్లలో చెక్క బ్యాటే. కాలేజీలో మళ్లీ మెటల్ బ్యాట్ పట్టినా, చెక్కతో సరిగ్గా తగలకపోతే చేతులు జివ్వుమంటాయి, స్వింగ్‌లో లోపం అస్సలు దాగదు. నాకు నచ్చింది ఇదే.

నచ్చనిది పిచర్ల (బంతి విసిరేవాళ్ల) సంగతి. పిల్లల చేతులు దెబ్బతినకుండా ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 17, 18 ఏళ్లవాళ్లు రోజుకి 105 బంతులు మించకూడదు, 81 గానీ అంతకు మించి గానీ వేస్తే 4 రోజులు విశ్రాంతి. వారాంతంలో రెండు టీమ్‌లకి ఆడే పిల్లల బంతులు ఎవరు లెక్కపెడతారు? అమ్మానాన్నలే లెక్కపెట్టాలి.

ఇంకోటి, అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో చాలా జట్లకి ఇప్పుడు 34 మందే పరిమితి. పైగా 11వ తరగతికి ముందొచ్చే ఆగస్టు 1 దాకా అక్కడి కోచ్‌లు పిల్లలకి నేరుగా ఫోన్ చేయకూడదు. ఇక ఆ రోజు ఇంట్లో టెన్షన్ చూడాలి, క్రెడిట్ కార్డు వాళ్ల ఫోనొచ్చినా మావాడు పరిగెత్తుకొస్తున్నాడు!