సీనియర్లు లేని సబ్జెక్టు

పదో తరగతి పాసైన పిల్లల్ని హైదరాబాదులో అందరూ అడిగేది ఒక్కటే: ఎంపీసీయా, బైపీసీయా? ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో, సైకాలజీ అని చెబితే, 'మార్కులు తక్కువొచ్చాయా పాపం' అన్నట్టు చూసేవారు.

మా బడిలో ఆ సబ్జెక్టు మా బ్యాచ్‌తోనే మొదలైంది. అడుగుదామంటే సీనియర్లు లేరు, పాత నోట్సులు లేవు. అమీర్‌పేటలో దొరకని కోచింగ్ లేదంటారు, మాకైతే దీనికి దొరకలేదు. మనవాళ్లకు సైకాలజీ అనగానే గుర్తొచ్చేది బీఈడీ, డీఎస్సీ. కోఠిలో పుస్తకాల షాపాయన కూడా డీఎస్సీ గైడే చేతిలో పెట్టాడు. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ... జూపార్కులా ఉంది. ఏ జంతువు మీద ఎవరు ప్రయోగాలు చేశారో గుర్తుంటే బిట్లు పెట్టేయొచ్చు. మేడమ్ అది చూసి పక్కన పెట్టేయమన్నారు. థియరీకి 70, ప్రాక్టికల్స్‌కి 30. ఆ ముప్ఫై బట్టీ కొడితే రావన్నారు.

1879లో వుంట్ అనే శాస్త్రవేత్త జర్మనీలోని లైప్‌జిగ్‌లో పెట్టిన ప్రయోగశాలతో ఈ శాస్త్రం మొదలైందని పాఠంలో ఉంది. మా ప్రయోగశాల లైబ్రరీ వెనక గది. రెండు బెంచీలు, పీఈటీ సార్‌ని బతిమాలి తెచ్చుకున్న స్టాప్‌వాచ్.

ఆ గదిలో చేసినవాటిలో స్ట్రూప్ అనే సైకాలజిస్టు 1935లో ప్రచురించిన ప్రయోగం మరిచిపోలేను. ఒక రంగు పేరు ఇంకో రంగు ఇంకుతో రాసి ఉంటుంది. మాట చదవకూడదు, ఇంకు రంగు చెప్పాలి. ఇంగ్లిషు కార్డుతో అందరం తడబడ్డాం. తెలుగులో కూడా చేసి చూడండన్నారు మేడమ్. చార్టు ముక్కల మీద స్కెచ్ పెన్నులతో ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రాశాం. తెల్ల చార్టు మీద పసుపు కనపడి చావలేదు. దాన్ని తీసేసి నలుపు పెట్టి, కార్డులన్నీ మళ్లీ మొదటినుంచి రాశాం.

నేను ఐదో తరగతి దాకా తెలుగు మీడియం. నీలం ఇంకుతో 'ఎరుపు' అని కనపడితే చాలు, నోరు ఎరుపు అనేసేది. నాలిక కరుచుకునేలోపు స్టాప్‌వాచ్ పరిగెత్తేది. పాతబస్తీ నుంచి వచ్చే మా దోస్తు ఒకడు తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటాడు. వాడు ఎక్కడా ఆగకుండా రంగులు చెప్పుకుంటూ పోయాడు! తెలుగులో మాకన్నా వాడికి మంచి టైము రావడం ఎవరికీ మింగుడుపడలేదు. చదవడం బాగా అలవాటైనవాడు చదవకుండా ఉండలేడని, అందుకే ఆ మాట వాడికే అడ్డొస్తుందని మేడమ్ చెప్పారు. మర్నాడు ఆ పాతబస్తీ దోస్తే ఉర్దూలో కార్డు రాసుకొచ్చాడు. దాని ముందు వాడు పడ్డ తిప్పలు చూశాక మా కసి తీరింది.

పన్నెండో తరగతిలో మానసిక రుగ్మతల పాఠం వచ్చింది. ఈ ఊళ్లో ఎవరు కాస్త తిక్కగా మాట్లాడినా "ఎర్రగడ్డకు పంపాలి" అనేస్తాం కదా, మానసిక వైద్యశాల ఉన్నది అక్కడే. ఎప్పుడూ అననివాళ్లు చెయ్యెత్తమన్నారు మేడమ్. ఒక్క చెయ్యీ లేవలేదు. "గుండెజబ్బు వచ్చినవాణ్ని నిమ్స్‌కు పంపాలని వెక్కిరిస్తారా?" అని అడిగారు. మా బెంచీలో ఒకడి ఇల్లు ఎర్రగడ్డ రైతుబజారు వెనకే. అడ్రసు చెప్పిన ప్రతిచోటా ఎవరో ఒకరు నవ్వుతారని వాడు ఆ రోజే నోరు విప్పాడు. అన్నేళ్లూ వాడి పక్కనే కూర్చున్నవాళ్లం.

మా తరవాతి బ్యాచ్‌కి మేమున్నాం. ఫైళ్లు, నోట్సులు అన్నీ వాళ్ల చేతికే ఇచ్చి వెళ్లాం. అది వాళ్లకు మేలో కీడో ఇప్పటికీ తేల్చుకోలేను. స్ట్రూప్ ప్రయోగం చెయ్యకుండానే మా ఫైళ్లలో అంకెలు దించేసిన ఘనులున్నారట. మేడమ్ ఇట్టే పట్టుకున్నారట: తెలుగు అక్షరాలే రాని పిల్లవాడికి తెలుగు కార్డు దగ్గర క్లాసులో అందరికన్నా ఎక్కువ టైము పట్టినట్టు రాసి ఉందట.