ఇస్లా ముహేరెస్‌లో సెయిల్‌ఫిష్ వెంట

మెక్సికోలోని కాన్‌కున్ ఎదురుగా ఉన్న ఇస్లా ముహేరెస్ ద్వీపానికి చలికాలంలో వచ్చేవాళ్లలో చాలామంది తెల్లటి ఇసుక కోసం వస్తారు. నేను సెయిల్‌ఫిష్ కోసం వెళ్లాను, వెన్ను మీద తెరచాపలాంటి రెక్క, పొడవాటి ముక్కు ఉండే పెద్ద సముద్రపు చేప అది. సుమారుగా జనవరి నుంచి మార్చి వరకు ఆ చుట్టుపక్కల సముద్రంలో సార్డినెల్లా చేపల గుంపులు తిరుగుతాయి. వాటిని తరుముతూ సెయిల్‌ఫిష్‌లూ వస్తాయి. అయితే ఆ కాలంలోనే ఉత్తరపు గాలి కూడా లేస్తుంది. అది బలంగా వీస్తే చిన్న పడవలకు రేవు మూసేస్తారు. అలాంటప్పుడు ఒడ్డున కూర్చోవడం తప్ప గత్యంతరం లేదు.

గాలి తగ్గాక తెల్లవారుతూనే బయల్దేరాం. కెప్టెన్ నీళ్ల వైపు చూడనే లేదు, ఆకాశంలో ఫ్రిగేట్ పక్షుల కోసం వెతికాడు. అవి ఒకేచోట తిరుగుతూ కిందికి వాలుతుంటే, దిగువన సార్డినెల్లా గుంపు ఉన్నట్టే లెక్క.

సెయిల్‌ఫిష్ గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పేది గంటకు 110 కిలోమీటర్ల వేగం గురించే. అది గాలానికి చిక్కిన చేప రీలులోంచి దారాన్ని ఎంత త్వరగా లాక్కుపోయిందో చూసి కట్టిన పాత లెక్క. 2016లో వెలువడిన ఒక అధ్యయనం కండరాలు సంకోచించే వ్యవధిని కొలిచి, సెకనుకు 8 మీటర్ల పైచిలుకు, అంటే గంటకు దాదాపు 30 కిలోమీటర్లు అని తేల్చింది. ఇది చదివినప్పుడు కొంత నిరాశపడ్డాను. నీళ్లలోకి దిగాక ఆ సంఖ్య గుర్తుకైనా రాలేదు.

మాస్కు పెట్టుకుని తల ముంచేసరికి సార్డినెల్లాలు బంతిలా ముడుచుకుని తిరుగుతున్నాయి. చుట్టూ సెయిల్‌ఫిష్‌లు, ఆశ్చర్యంగా, తాపీగా ఈదుతున్నాయి. ఒకటి వెన్నురెక్క పూర్తిగా విప్పింది. ఒంటి మీద నీలి చారలు ఒక్కసారిగా మెరిశాయి. పొడవాటి ముక్కును నెమ్మదిగా గుంపులోకి చొప్పించింది. అంత సన్నటి ముక్కు వచ్చి పక్కన చేరినా సార్డినెల్లాలు బెదరలేదు. మరుక్షణం పక్కకు ఒక్క కొట్టు. కంటికి అందనంత వేగం ఉన్నది అక్కడే, ముక్కు కొసన. విప్పిన వెన్నురెక్క ఆ కొట్టుడుకు ఒళ్లు తూలకుండా ఆపుతుందట. పొలుసులు వెండి రజనులా రాలాయి. అది పక్కకు తప్పుకోగానే ఇంకొకటి ముందుకొచ్చింది.

ఈ సముద్రంలోనే పరిశీలించిన శాస్త్రవేత్తల లెక్క ప్రకారం దాడుల్లో 24 శాతమే చేపను నోటికి అందిస్తాయి, కానీ 95 శాతం దాడుల్లో గుంపులోని చేపలు గాయపడతాయి. గాయపరిచింది ఒకటైతే తినేది మరొకటి కావచ్చు. ఒక్కో సెయిల్‌ఫిష్‌కు కుడివైపో ఎడమవైపో కొట్టే అలవాటు ఉంటుందని కూడా వాళ్లే గమనించారు. ఏది ఎటు కొడుతుందో పోల్చుకునే ఓపిక మాత్రం నాకు లేకపోయింది.

ఇదంతా చూశాక గాలం పట్టుకుంటే, అంతకుముందు కెప్టెన్ చెప్పిన ఒక సూచన అర్థమైంది. పడవ వెనక ఈడ్చే ఎరను సెయిల్‌ఫిష్ తరచూ ముందు ముక్కుతో కొడుతుంది, ఆ తరవాతే నోట పట్టుకుంటుంది. తగిలిందని వెంటనే లాగితే ఖాళీ కొక్కెమే వస్తుంది. దారాన్ని కొన్ని క్షణాలు వదులుగా పోనిచ్చి, ఆ తరవాత మెల్లగా బిగించాలి. గుండ్రంగా వంగిన కొక్కెం దానంతట అదే నోటి మూలన దిగుతుంది. గాలాన్ని బలంగా గుంజితే ఆ కొక్కేనికి ఉన్న మేలే పోతుంది. చేతులు మాత్రం గుంజమనే అంటాయి.

నా గాలానికి తగిలిన చేప నీళ్లలోంచి నిలువుగా ఎగిరి, తల విదిలించి, మళ్లీ ఎగిరింది. భుజాలు మంటెత్తాయి. పడవ పక్కకు వచ్చాక చేతొడుగు వేసుకున్న కుర్రాడు దాన్ని ముక్కు దగ్గర పట్టుకున్నాడు. ఫొటో కోసం పడవలోకి ఎత్తమని ఒకాయన అడిగితే కెప్టెన్ ఒప్పుకోలేదు. ఈదుతూ ఉంటేనే దాని మొప్పల్లోకి నీరు పారుతుంది కాబట్టి పడవను మెల్లగా ముందుకు పోనిచ్చాడు. దాని పెద్ద కన్ను నాకు మూరెడు దూరంలో ఉంది. ఆ కంటి కండరాల్లో ఒక భాగం వేడి పుట్టించడానికే మారిపోయింది. చల్లటి లోతుల్లో కూడా చూపు, మెదడు మందగించకుండా అదే కాపాడుతుంది.

వెలిసిపోయిన ఒంటికి రంగు తిరిగొచ్చాక, ఒక్క విదిలింపుతో ఆ కుర్రాడి చేయి వదిలించుకుంది. అతను చేతొడుగు పిండేసి తరవాతి ఎర కట్టడం మొదలుపెట్టాడు.